వేషమూ మనదే, కలమూ మనదే: టీవీ హాస్యం గురించి పాఠకుల ప్రశ్నలు

టీవీలో నవ్వించడాన్ని బతుకుతెరువుగా ఎంచుకోవచ్చా అన్న విషయం మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో కోరినప్పుడు విశాఖపట్నం నుంచీ దాని చుట్టుపక్కల ఊళ్ళ నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో నాటిక ఉందంటే పని ముగించుకుని వెళ్ళి కూర్చునే అలవాటు ఇంకా మిగిలి ఉన్న ఊరు కనుక అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందున అందరికీ ఊరి పేరో పేట పేరో మాత్రమే ఉంచాను.

ప్రశ్న: నేను పరిషత్తు నాటికల్లో హాస్యపాత్రలు వేస్తుంటాను. టీవీ కామెడీ షోలలో ప్రయత్నించమని మిత్రులు ప్రోత్సహిస్తున్నారు. కానీ నాకు రాయడం రాదు. నటన ఒక్కటే చాలదా? (గాజువాక)

జవాబు: లోపలికి అడుగు పెట్టడానికి చాలుతుంది. అక్కడ పదేళ్ళు నిలవడానికి చాలదని నా అభిప్రాయం.

జెమినీ టీవీలో 2001 నవంబరు నుంచి 2007 నవంబరు వరకు వచ్చిన ‘అమృతం’ ధారావాహికను గుర్తు చేసుకోండి. గుణ్ణం గంగరాజు రూపొందించిన ఆ ధారావాహికలో ప్రధాన పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆపైన హర్షవర్ధన్ పోషించారు. కథానాయకుడి ముఖమే మారిపోతే ఏ ధారావాహికైనా కుంటుపడాలి. ఇది కుంటుపడలేదు. కథానాయకుడి మిత్రుడు ఆంజనేయులు పాత్రలో గుండు హనుమంతరావు నిలకడగా ఉండటం ఒక కారణమైతే, అంతకన్నా పెద్ద కారణం రాతలో ఉంది. ఆ మిత్రులిద్దరూ నడిపే హోటలు, వాళ్ళ అద్దె ఇంటి బాధలు, ఎంత తెలివైన పథకం వేసినా చివరికి వేసినవాళ్ళ నెత్తికే చుట్టుకునే ఆ వరస కాగితం మీద గట్టిగా కట్టి ఉండటం వల్ల, వచ్చిన నటుడు అందులోకి ఒదిగిపోగలిగాడు. నటుడి స్థానం నుంచి చూస్తే ఇందులో సంతోషించవలసింది తక్కువే. పాత్రకు మీరు ఎంత ప్రాణం పోసినా అది మీతోనే ఉండిపోతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. చివర ఆ వేషం కట్టిన హర్షవర్ధన్ తర్వాతి కాలంలో ‘గుండెజారి గల్లంతయ్యిందే’ (2013), ‘మనం’ (2014) చిత్రాలకు సంభాషణలు రాశారన్నది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించిన సంగతి.

వారం వారం వచ్చే స్కిట్ల కార్యక్రమాల్లో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైన ‘జబర్దస్త్’ పద్ధతిలో జట్టు నాయకుడే తన స్కిట్‌కు బాధ్యుడు. రాయగలిగిన నాయకుడు తనకు ఏ మాట నప్పుతుందో, పక్కవాడికి ఏ మాట నప్పుతుందో తెలిసి రాసుకుంటాడు. రాయలేనివాడు రచయిత కోసం వెతుక్కుంటాడు. ఈ రెండూ కాక కేవలం నటించే కుర్రవాడు ఆ వారం తనకు వేషం ఉందో లేదో ఫోను వచ్చేదాకా తెలియక కూర్చుంటాడు. అదిరే అభి జట్టులో చేరి స్కిట్లు రాసిన హైపర్ ఆది తర్వాత తానే జట్టు నాయకుడయ్యారు. తొలినాళ్ళలో జట్టు నాయకులుగా ఉన్నవారిలో వేణు యెల్దండి 2023లో ‘బలగం’ చిత్రానికీ, ధన్‌రాజ్ 2025లో ‘రామం రాఘవం’ చిత్రానికీ దర్శకత్వం వహించారు. ఈ రెండు చిత్రాలూ నవ్వుల సినిమాలు కావు. ప్రతివారం పది నిమిషాల కథను కట్టి, దానికి ఒక ముగింపు తెచ్చి, ఎదుట కూర్చున్నవారి ముఖాలలో ఫలితాన్ని అప్పటికప్పుడు చూసుకున్న అలవాటు వారికి ఏ పాఠశాలలోనూ దొరకని శిక్షణ అయిందని నేను నమ్ముతాను.

రాయడం రాదని మీరంటున్నారు గానీ, నాటికలో మీ పాత్ర మాటలను రిహార్సల్లో మీకు అనువుగా మార్చుకునే ఉంటారు. అదే మొదలు. మీరు ఇదివరకు వేసిన పాత్ర రంగం మీదకు రాకముందు గంటసేపు ఎక్కడ ఉండి, ఎవరితో ఏం గొడవ పడి వచ్చిందో సంభాషణలుగా ఒక పేజీ రాసి చూడండి. పాత్ర ముందే తెలుసు కాబట్టి మాట దానంతటదే వస్తుంది.

ప్రశ్న: దూరదర్శన్‌లో ‘ఆనందో బ్రహ్మ’ వచ్చిన రోజుల్లో మా వీధిలో ఎవరింట టీవీ ఉంటే అందరం అక్కడ చేరేవాళ్ళం. అందులోని ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారే దానికి రచయిత కూడానని మా అబ్బాయితో అంటే నమ్మడం లేదు. నిజం చెప్పండి. (ఎంవీపీ కాలనీ)

జవాబు: మీ మాటే నిజం. నటన, రచన రెండూ ఆయనవే. మీ అబ్బాయి తరానికి ఆయన ‘నువ్వు నేను’ (2001) నుంచి సినిమాలలో చీటికీ మాటికీ కనిపించే లెక్చరరుగానే తెలుసు కనుక ఆ అనుమానం సహజమే.

ప్రకాశం జిల్లాకు చెందిన ధర్మవరపు ప్రభుత్వోద్యోగం చేస్తూ, ప్రజా నాట్యమండలి వేదికల మీద రాటుదేలి, రేడియోకు రాసి, అక్కడి నుంచి దూరదర్శన్‌కు వచ్చారు. జంధ్యాల ‘జయమ్ము నిశ్చయమ్మురా’ 1989లో వచ్చింది. ధర్మవరపు వెండితెర మీద కనిపించిన తొలి చిత్రాలలో అది ఒకటి. దానికీ ‘నువ్వు నేను’కూ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఆ పన్నెండేళ్ళే. సినిమా పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న నటుడైతే ఆ కాలంలో జనం మరచిపోయేవారు. ఆయన ఆ వ్యవధిలో బుల్లితెర మీద తన మాటలను తానే రాసుకుని, తానే పలికి, 1997లో ‘తోకలేని పిట్ట’కు దర్శకత్వం కూడా వహించారు. ముఖం కదలకుండా, గొంతు పెంచకుండా, ఎదుటివాడు చెప్పినదాన్ని అపార్థం చేసుకుని తాపీగా బదులిచ్చే ఆ తీరు ఒకరు రాసిచ్చి నేర్పగలిగింది కాదు. ఆ విరామాలు ఎక్కడ ఉండాలో రాసేటప్పుడే ఆయన చెవికి వినిపించి ఉండాలి. తర్వాత ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక మండలికి అధ్యక్షులుగా పనిచేశారు. 2013 డిసెంబరు 7న కన్నుమూశారు.

ఎమ్మెస్ నారాయణ గారిది ఇంకొక దారి. ఆయన లెక్చరరుగా పనిచేసి, సినిమా కథలు రాసి, ‘మా నాన్నకు పెళ్ళి’ (1997)తో నటుడిగా స్థిరపడ్డారు. ‘శివ’ (1989)కు సంభాషణలు రాసిన తనికెళ్ళ భరణి అందులోనే నానాజీగా కనిపించారు. ఈ ముగ్గురిలో కలం పట్టనివారు ఒక్కరూ లేరని మీ అబ్బాయికి చెప్పండి.

ప్రశ్న: నేను రాసిన స్కిట్‌లో ఒక జోకు పంపుతున్నాను. స్నేహితులు చదివి బాగుందన్నారు, కానీ కాలేజీ వేడుకలో ఎవరూ నవ్వలేదు. “మా మావయ్య ఆర్.కె. బీచ్‌లో సబ్‌మెరైన్ చూడటానికి వెళ్ళి, దీన్ని అద్దెకిస్తారా అని అడిగాడు, ఎందుకంటే ఆయనకు ఇల్లు దొరకడం లేదు.” లోపం ఎక్కడ ఉంది? (భీమిలి)

జవాబు: ఊహ మంచిది, అమరిక చెడింది. కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంచారు కనుక విశాఖలో చిన్నపిల్లవాడికి కూడా దాని లోపల ఎంత ఇరుకో, పడకలు ఎలా ఒకదాని మీద ఒకటి ఉంటాయో తెలుసు. ప్రేక్షకుడికి ముందే తెలిసిన చోటును ఎంచుకోవడంతోనే మీకు సగం పని తప్పింది. మీరు దానిని వాడుకోలేదు.

మొదటి లోపం, నవ్వు రావలసిన మాట మధ్యలో పడిపోయి, దాని తర్వాత వివరణ వచ్చింది. ‘ఎందుకంటే’ అన్న తర్వాత ఎవరూ నవ్వరు, వింటారు. కారణాన్ని ముందుకు జరపాలి. రెండో లోపం, ‘అద్దెకిస్తారా’ అన్న ప్రశ్నలో విషయం మొత్తం మీరే చెప్పేశారు, ప్రేక్షకుడు కనుక్కోవడానికి ఏమీ మిగల్చలేదు. నేనైతే ఇలా రాస్తాను: “అద్దె ఇల్లు దొరక్క మూడు నెలలుగా తిరుగుతున్న మా మావయ్య కురుసుర లోపలికి వెళ్ళాడు. వంటగది చూశాడు. పడకలు చూశాడు. గైడును పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు: నీళ్ళు ఎన్ని గంటలకు వదులుతారు?”

ఇందులో అద్దె అన్న కోరికను మావయ్య పైకి చెప్పలేదు. కొళాయి నీళ్ళ వేళ అడిగాడంటే ఇల్లు నచ్చిందని, బేరానికి సిద్ధమయ్యాడని, సముద్రం ఒడ్డున ఉన్న పడవలో కూర్చుని మరీ నీళ్ళ కోసం అడుగుతున్నాడని ప్రేక్షకుడు తనంతట తానే కలుపుకోవాలి. ఆ కలుపుకోవడానికి పట్టే క్షణమే టీవీ వాళ్ళు టైమింగ్ అంటున్నది. ఆ క్షణంలో నటుడు కదలకూడదు, పక్క పాత్ర మాట్లాడకూడదు. ‘వంటగది చూశాడు, పడకలు చూశాడు’ అన్న రెండు పొట్టి వాక్యాలు కూడా అలంకారానికి రాలేదు. నటుడు తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పడానికి చోటిస్తాయి. నటించేవాడే రాస్తే ఇలాంటి చోట్లు కాగితం మీదే పడతాయి.

స్నేహితులు చదివి బాగుందన్నారంటే నమ్మకండి. కాగితం మీద చదివేవాడు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకోగలడు. హాల్లో ఉన్నవాడికి ఆ అవకాశం లేదు.

ప్రశ్న: మా ఉత్తరాంధ్ర యాసను టీవీలో పనివాళ్ళకూ అమాయకులకూ మాత్రమే పెడుతున్నారు. ఆడిషన్‌కు వెళ్ళేటప్పుడు యాస మార్చుకోమని ఒకరు సలహా ఇచ్చారు. (పెందుర్తి)

జవాబు: మార్చుకోవద్దు. అవసరమైన చోట పక్కన పెట్టగలిగేటంత సాధన మాత్రం చేయండి.

మీ ఆక్షేపణ న్యాయమైనది. యాస దానంతటది హాస్యం కాదు. పాత్రకు బుద్ధి ఇవ్వకుండా యాస ఒక్కటే ఇచ్చి నవ్వమనడం రచయిత సోమరితనం. ఈ ప్రాంతపు పలుకుబడి తెలుగు హాస్యానికి కొత్తదేమీ కాదు. ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ఆడింది విజయనగరంలో. అందులో ఎవరి మాట వారిదిగా ఉంటుంది. గిరీశం కోతలకూ బంట్రోతు మాటకూ పొంతన ఉండదు, అయినా ఎవరూ ఎవరికీ లోకువ కారు. విశాఖ న్యాయవాది రాచకొండ విశ్వనాథశాస్త్రి కథల్లో కోర్టు మెట్ల దగ్గర తిరిగే మనుషులు ఇదే యాసలో మాట్లాడతారు, వాళ్ళ తెలివికి ప్లీడర్లే తెల్లబోతారు. టీవీ ఇవన్నీ మరచిపోయింది కనుక మీరు గుర్తు చేయవచ్చు. యాస మాట్లాడే పాత్రను స్కిట్‌లో అందరికన్నా చురుకైనదిగా రాయండి. మోసపోయేవాడు ‘పుస్తకాల భాష’ మాట్లాడనీయండి. ఇలా రాసిన స్కిట్ నాకు ఇంతవరకూ తక్కువగానే తగిలింది.

ప్రశ్న: ఒక కార్యక్రమంలోని జట్టుకు స్కిట్ రాసి వాట్సాప్‌లో పంపాను. బాగులేదన్నారు. కొన్నాళ్ళకు అదే స్కిట్ చిన్న మార్పులతో ప్రసారమైంది. నా పేరు లేదు, డబ్బు రాలేదు. నేనేం చేయగలను? (మధురవాడ)

జవాబు: మీరు అడిగిన ప్రశ్ననే మరికొందరు కూడా అడిగారు కనుక కొంచెం వివరంగా చెబుతాను.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన మీద హక్కు రాసిన క్షణం నుంచే రచయితది. నమోదు తప్పనిసరి కాదు. చేయించుకుంటే మాత్రం తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికివస్తుంది. సాహిత్య రచనకు ప్రభుత్వ రుసుము 500 రూపాయలు. దరఖాస్తు చేశాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. తెలుగు సినీ రచయితల సంఘం కూడా సభ్యుల కథలను నమోదు చేస్తుంది. మీ చేతిలో ఇప్పుడున్నది తేదీ, సమయం చూపే వాట్సాప్ సందేశం. దానిని చెరిపివేయకండి, ఫోను మార్చినా భద్రపరచండి.

కానీ ఒక హెచ్చరిక చేయాలి. ఊహకు హక్కు లేదు, ఆ ఊహకు మీరిచ్చిన రూపానికే ఉంది. ఈ సంగతిని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చి చెప్పింది. ఒక నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగా తీశారని దావా వేస్తే, రెండింటి ఇతివృత్తంలో పోలిక ఉన్నా చిత్రణలో చాలా తేడాలున్నాయని, ఇతివృత్తం మీద ఎవరికీ గుత్తహక్కు ఉండదని కోర్టు ఆయన దావాను అంగీకరించలేదు. కాబట్టి మీ స్కిట్‌లోని ‘అత్తగారు యోగా నేర్చుకోవడం’ అన్న ఊహ మాత్రమే కలిసిందా, లేక మీ సంభాషణలు, సన్నివేశాల వరస, చివరి మలుపు కూడా కలిశాయా అన్నది ముందు మీరే నిష్పక్షపాతంగా పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. కలిసిన మాటలు ఎక్కువగా ఉంటే న్యాయవాది ద్వారా నోటీసు పంపవచ్చు. అంతకుముందు జట్టు నాయకుడికి కాక నిర్మాణ సంస్థకు ఉత్తరం రాయడం మంచిది. నాయకుడికి ఆ స్కిట్ ఎవరో మూడో మనిషి అమ్మి ఉండవచ్చు కూడా.

ఇకముందు సంగతి. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం భావిస్తుంది. తీసుకున్నవారు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే విధంగా లేనప్పుడు, ఆ హక్కు తిరిగి మీకే వస్తుంది. మీరు జీతం మీద రచయితగా చేరితే మాత్రం లెక్క మారుతుంది. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. అయితే ఆ రచన నాది అని చెప్పుకునే హక్కు హక్కులు అమ్మిన తర్వాత కూడా రచయితకు ఉంటుంది. టీవీలో ఎక్కువమంది వదిలేస్తున్నది దానినే. డబ్బు తగ్గించి అడిగినా ఫరవాలేదు, తెర మీద పేరు వేయమని కాగితం మీద రాయించుకోండి. పారితోషికంలో 10 శాతం మూలంలో పన్నుగా కోస్తే రిటర్ను దాఖలు చేసి, కట్టవలసిన పన్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవడం కూడా మరవకండి. చిన్న కళాకారులు చాలామంది ఆ డబ్బు పోయిందనే అనుకుంటున్నారు.

ప్రశ్న: స్కిట్లలో ఆడవేషాలు మగవాళ్ళే వేస్తుంటే మాలాంటివాళ్ళకు చోటెక్కడ? (అక్కయ్యపాలెం)

జవాబు: మగవారు స్త్రీ పాత్రలు ధరించడం మన రంగస్థలంలో ఎప్పటి నుంచో ఉన్నదే, సత్యభామగా పేరు పొందిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. అయితే ఆయన సత్యభామను సత్యభామగా చూపారు. ఇప్పటి స్కిట్లలో ఆడవేషం తరచూ తన్నులు తినడానికీ తిట్లు పడటానికీ ఉంటోంది. అలాంటి వేషం మీకు దక్కలేదని బాధపడవలసిన పని లేదు. ఇద్దరు స్త్రీలే ఉండి, మూడోవారి అవసరం రాని పది నిమిషాల స్కిట్ ఒకటి రాసుకుని, తోటి నటితో కలిసి ఆడిషన్‌కు వెళ్ళండి. రాసుకొచ్చిన ఆడపిల్లను నిర్వాహకులు అంత తొందరగా పంపించరు.

ప్రశ్న: నేను ప్రత్యేక పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. నత్తి, కుంటితనం, చెవుడు ఇవే ఇంకా ఎంతకాలం హాస్యం? (సీతమ్మధార)

జవాబు: రాసేవాడికి వేరే ఏమీ తోచనంతకాలం. 2024 జూలైలో నిపుణ్ మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయమై దృశ్య మాధ్యమాలకు మార్గదర్శకాలు చెప్పింది. వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, ఆ మనుషులను కించపరిచే హాస్యం వేరు అని అందులో విడదీసింది. మీ విద్యార్థులు తమలో తాము వేసుకునే జోకులను మీరు రోజూ వింటూనే ఉంటారు. వాటిలో ఒక్కటైనా ఎదుటివాడి వైకల్యాన్ని చూపించి వేసింది కాకపోవచ్చు; ఎక్కువ భాగం మాస్టార్ల మీదే ఉంటాయి. వారి అనుమతితో వాటిని రాసి పెట్టండి. అలాంటి స్కిట్‌ను చూడాలని నాకూ ఉంది.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. చదువు ఆపి హైదరాబాదు వెళ్ళిపోదామనుకుంటున్నాను. మీరేమంటారు? (మద్దిలపాలెం)

జవాబు: వద్దంటాను. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాదులో ఉంటారు. ఆ బండి మీ డిగ్రీ అయ్యాక కూడా నడుస్తుంది.

ఈ లోగా ఇక్కడే చేయగలిగినవి ఉన్నాయి. సిరిపురంలోని ఆకాశవాణి కేంద్రం నాటక విభాగానికి స్వరపరీక్ష ప్రకటించినప్పుడు దరఖాస్తు పెట్టండి. అందులో నెగ్గినవారికి గ్రేడు ఇస్తారు. ముఖం కనబడకుండా నవ్వించడం అక్కడ అలవడుతుంది. మీరుంటున్న చోటికి నడిచి వెళ్ళేటంత దూరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది, డిగ్రీ తర్వాత అందులో చేరే ఆలోచన కూడా చేయవచ్చు. ‘ఏప్రిల్ 1 విడుదల’ (1991), ‘హలో బ్రదర్’ (1994) చిత్రాలకు సంభాషణలు రాసి, ‘చాలా బాగుంది’ (2000) నుంచి నటుడిగా అందరికీ తెలిసిన ఎల్.బి. శ్రీరామ్ గారు ఎన్నో సినిమాలు చేశాక చిన్న చిత్రాలు తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అంతటివారు వాడుకున్న వేదిక మీ ఫోనులోనే ఉంది. వారానికి ఒక స్కిట్ చొప్పున రాసి, మిత్రులతో ఆడించి, అందులో పనికివచ్చినవి విడిగా దాచండి. డిగ్రీ పూర్తయ్యేనాటికి ఒక కార్యక్రమానికి సరిపడా సరుకు చేతిలో ఉన్నప్పుడు మళ్ళీ రాయండి; ఎవరిని కలవాలో అప్పుడు చెబుతాను.